బాల్యం నుంచి యౌవనానికి: వీడియో గేమ్ కథానాయకుల ఎదుగుదల చరిత్ర

వీడియో గేమ్ కథానాయకుల్లో చాలామందికి వయసు ఉండదు. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌కు బాల్యమూ లేదు, వార్ధక్యమూ లేదు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో పుట్టగొడుగు దొరకగానే మారియో ఎత్తు పెరుగుతాడు, శత్రువు తగలగానే మళ్లీ పొట్టివాడవుతాడు. అది ఒంటి కొలతలో మార్పే తప్ప వయసులో మార్పు కాదు. మొదట ఎలా కనిపించినవాడు చివరిదాకా అలాగే ఉండడం ఆ రోజుల్లో మామూలు. ఈ పద్ధతిని దాటి, కథానాయకుణ్ణి పసివాడిగా పరిచయం చేసి, ఆడేవారి చేతుల మీదుగా పెద్దవాణ్ణి చేసిన ఆటలు 1990ల నుంచి ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ 5, ఆకరినా ఆఫ్ టైమ్, బ్రిటన్‌లో ఫేబుల్, అమెరికాలో ఫాలౌట్ 3 ఈ శాఖలో ముఖ్యమైనవి. కథానాయకుడి బలం పెరగడాన్ని చూపించడం గేమ్‌లకు మొదటి నుంచీ తెలుసు. ఏళ్లు గడవడాన్ని చూపించడం మాత్రం అవి ఆలస్యంగా, ఒక్కో ఆటతో ఒక్కో మెట్టు చొప్పున నేర్చుకున్నాయి.

వయసు లేని రోజులు

తొలినాటి ఆటల్లో ఎదుగుదలకు చోటు లేకపోవడానికి కారణాలు బలమైనవే. ఆర్కేడ్ యంత్రంలో నాణెం వేస్తే ఆట కొన్ని నిమిషాలే సాగేది. ఆడేవారు త్వరగా ఓడి, ఇంకో నాణెం వేస్తేనే యంత్రం యజమానికి గిట్టుబాటు. అంత తక్కువ సేపట్లో ఒక మనిషి జీవితాన్ని చెప్పే వీలు లేదు. ఇంట్లో ఆడుకునే కన్సోళ్లు వచ్చాక ఆట గంటల తరబడి సాగే అవకాశం కలిగింది గానీ, కార్ట్రిడ్జ్‌లో మెమరీ బహు స్వల్పం. 1986 మేలో ఫామికామ్ కన్సోల్ మీద విడుదలైన మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడింది. ఆటను మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించాలంటే 20 అక్షరాల సంకేతాన్ని కాగితం మీద రాసుకుని, మళ్లీ తప్పు లేకుండా నమోదు చేయాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆడిందంతా పోయినట్టే. బ్యాటరీ సాయంతో ఆటను సేవ్ చేసుకునే వీలు ఆ సిరీస్‌కు 1988 నాటి మూడో భాగంతో గానీ రాలేదు.

ఆ తొలి డ్రాగన్ క్వెస్ట్‌లోనూ ఎదుగుదల ఉంది, కానీ అది అంకెల్లో ఉంది. రాక్షసులను ఓడించినకొద్దీ అనుభవం జమ అవుతుంది, లెవెల్ పెరుగుతుంది, దెబ్బ బలపడుతుంది, కొత్త మంత్రాలు వస్తాయి. మొదటి లెవెల్‌లో ఉన్న కథానాయకుడి బొమ్మే ముప్పయ్యో లెవెల్‌లోనూ ఉంటుంది. అతనికి ఇల్లు లేదు, చిన్ననాటి స్నేహితులు లేరు, ఆట మొదలవడానికి ముందు గడిచిన రోజులు లేవు. లెవెల్ అనే ఈ కొలమానం ఎంత సౌకర్యంగా ఉందంటే, చాలాకాలం పాటు పాత్ర ఎదగడమంటే అంకె పెరగడమేనన్న అభిప్రాయం ఆటల పరిశ్రమలో స్థిరపడిపోయింది.

ముందు నడిచిన మూడు ఆటలు

ఈ అభిప్రాయాన్ని వేర్వేరు దిక్కుల నుంచి కదిలించిన ఆటలు మూడు. వాటిలో మొదటిది 1986లో అమెరికాలో యాక్టివిజన్ సంస్థ ప్రచురించిన ఆల్టర్ ఈగో. దీన్ని రూపొందించిన పీటర్ ఫవారో మనస్తత్వ శాస్త్రవేత్త. శైశవం, బాల్యం, కౌమారం, తొలి యౌవనం మొదలుకొని వృద్ధాప్యం వరకు ఏడు దశలుగా ఒక జీవితం ఈ ఆటలో సాగుతుంది. తెర మీద బొమ్మలు దాదాపు ఉండవు. ఒక సందర్భాన్ని అక్షరాల్లో వర్ణించి, ఏం చేస్తారో ఎంచుకోమంటుంది. పసితనంలో ఎంచుకున్న జవాబుల ఫలితం నడివయసులో ఎదురవుతుంది. మగవారి జీవితానికీ ఆడవారి జీవితానికీ వేర్వేరు ఆటలుగా దీన్ని అమ్మారు.

రెండోది 1990లో సెగా సంస్థ మెగా డ్రైవ్ కన్సోల్ కోసం చేసిన ఫాంటసీ స్టార్ 3. ఇందులో కథ మూడు తరాల పాటు నడుస్తుంది. ఒక తరం నాయకుడు ఇద్దరు స్త్రీలలో ఒకరిని పెళ్లాడతాడు. ఎవరిని పెళ్లాడాడన్న దాన్ని బట్టి తరువాతి తరం నాయకుడెవరో తేలుతుంది. తరాలు మారడాన్ని చూపిన ఈ ఆట బాల్యాన్ని మాత్రం దాటవేసింది. ప్రతి తరం నాయకుడూ అప్పటికే యువకుడై, కత్తి పట్టి కథలోకి వస్తాడు.

మూడోది 1991లో గైనాక్స్ సంస్థ తరఫున తకామి అకాయి రూపొందించిన ప్రిన్సెస్ మేకర్. ఆడేవారు ఇందులో తండ్రి స్థానంలో ఉంటారు. పదేళ్ల అనాథ బాలికను ఇంటికి తెచ్చుకుని, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పెంచుతారు. ఆమె ఏం చదవాలి, ఎక్కడ పని చేయాలి, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలి అన్నవి నెలనెలా నిర్ణయిస్తారు. ఆ ఎనిమిదేళ్లలో ఆమె ఎత్తూ ముఖమూ మారుతూ వస్తాయి. చివరికి ఆమె రాణి అవుతుందా, సిపాయి అవుతుందా, మరో వృత్తిలో స్థిరపడుతుందా అన్నది పెంపకాన్ని బట్టి ఉంటుంది. ఎదుగుదలను ఆటకు కేంద్రంగా చేసిన ఘనత దీనిది. అయితే ఎదుగుతున్న పిల్లను బయటి నుంచి చూడడమే ఆడేవారికి దక్కింది. తెర మీది బొమ్మ రూపంలో తామే పిల్లవాడై, తామే పెద్దవారయ్యే అనుభవం ఆ మరుసటి ఏడాది వచ్చింది.

డ్రాగన్ క్వెస్ట్ 5: ముప్ఫై ఏళ్లకు దగ్గరైన జీవితం

1992 సెప్టెంబరు 27న ఎనిక్స్ సంస్థ సూపర్ ఫామికామ్ కన్సోల్ మీద డ్రాగన్ క్వెస్ట్ 5ను విడుదల చేసింది. కథ యూజీ హోరీది, సంగీతం కోయిచీ సుగియామాది, పాత్రల రూపకల్పన అకిరా తోరియామాది. తోరియామా అప్పటికే డ్రాగన్ బాల్ అనే బొమ్మల కథలో గోకూ అనే కుర్రవాణ్ణి వారం వారం పాఠకుల కళ్లెదుటే పెంచి పెద్దచేసిన చిత్రకారుడు. కార్ట్రిడ్జ్ పరిమాణం ఒకటిన్నర మెగాబైట్లు మాత్రమే. అందులోనే ఒక మనిషి బాల్యం, యౌవనం, పితృత్వం పట్టాయి.

ఆట ఓడ మీద, తండ్రి పాపాస్ పక్కన, ఆరేళ్ల బాలుడితో మొదలవుతుంది. ఇద్దరూ సాంటా రోజ్ అనే పల్లెకు నడిచి వెళ్లే దారిలో రాక్షసులు ఎదురవుతారు. పసివాడి చేతి కర్ర తగిలితే శత్రువు చలించడు. తండ్రి మాత్రం ఒకే వరుసలో రెండుసార్లు కొట్టి శత్రువును నేలకూలుస్తాడు. తండ్రి ఏం చేయాలో ఆడేవారు ఆజ్ఞాపించలేరు, అతను తనంతట తానే పోరాడతాడు. యుద్ధం ముగిశాక పిల్లవాడికి గాయమై ఉంటే, ఎవరూ అడగకుండానే మంత్రం వేసి మాన్పుతాడు. తండ్రి నీడలో ఉన్న పిల్లవాడికి లోకం ఎంత భద్రంగా కనిపిస్తుందో ఒక్క సంభాషణ అయినా లేకుండా పోరాట విధానంతోనే చెప్పిన తీరు ఇది. ఆ తర్వాత పిల్లవాడు ఒంటరిగా ఊరి గుహలోకి దిగితే ప్రతి అడుగూ బరువవుతుంది.

బాల్యం తండ్రి మరణంతో ముగుస్తుంది. గేమా అనే మాంత్రికుడు పిల్లవాడి మెడ మీద కొడవలి పెట్టి బెదిరించేసరికి, పాపాస్ ఎదురు తిరగకుండా దెబ్బలు తింటూ ప్రాణం విడుస్తాడు. పిల్లవాణ్ణీ, అతనితో ఉన్న రాజకుమారుణ్ణీ బానిసలుగా తరలిస్తారు. తెర చీకటై, మళ్లీ వెలిగేసరికి పదేళ్లు గడిచిపోయి ఉంటాయి. కొండ మీద కడుతున్న ఆలయానికి రాళ్లు మోస్తూ ఒక యువకుడు కనిపిస్తాడు. చిన్న బొమ్మ స్థానంలో పొడుగాటి బొమ్మ వచ్చింది, ఒంటి మీద బానిస బట్టలు ఉన్నాయి, లెవెల్ అంకె మాత్రం మారలేదు. వయసు వేరు, లెవెల్ వేరు అని ఆటల చరిత్రలో ఇంత సూటిగా చూపిన ఘట్టం అంతకుముందు లేదు.

పీపాలో దాక్కుని సముద్రం మీదుగా తప్పించుకున్న యువకుడు పాత ఊళ్లకు తిరిగి వెళ్తాడు. సాంటా రోజ్‌ను రాజు సైనికులు ఎప్పుడో తగలబెట్టారు. చిన్నతనంలో స్నేహితురాలు బియాంకాతో కలిసి కాపాడిన చిరుతపిల్ల ఇప్పుడు భయంకరమైన మృగమై, ఒక పల్లె పొలాల మీద పడుతోంది. ఆ మృగంతో కత్తి తీసి పోరాడవచ్చు. సంచిలో ఉన్న బియాంకా రిబ్బన్ తీసి చూపిస్తే, ఆ వాసనను గుర్తుపట్టి అది శాంతించి వెంట వస్తుంది. పదేళ్ల నాటి చిన్న వస్తువును ఆడేవారు మరిచిపోకుండా వాడాల్సి రావడంలో ఈ ఆట గొప్పదనం ఉంది. కాలం గడిచిందని పాత్ర చెప్పడం లేదు, ఆడేవారి జ్ఞాపకమే ఆ సంగతి చెబుతోంది.

తరువాత పెళ్లి. చిన్ననాటి స్నేహితురాలు బియాంకా, ధనవంతుడి కూతురు ఫ్లోరా, వీరిద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి. 2008లో నింటెండో డీఎస్ మీద వచ్చిన రిమేక్‌లో ఫ్లోరా అక్క డెబోరాను మూడో వధువుగా చేర్చారు. ఎవరిని పెళ్లాడాలన్న చర్చ జపాన్‌లో ఇప్పటికీ ఆగలేదు. కవల పిల్లలు పుట్టగానే దంపతులు శాపం తగిలి రాతిబొమ్మలైపోతారు. కథానాయకుడి విగ్రహాన్ని ఒక ధనవంతుడు అదృష్టం కలిసొస్తుందని కొని, తన తోటలో నిలబెడతాడు. ఋతువులు మారుతుంటాయి, ఆ ఇంటి పసివాడు కళ్లెదుటే నడక నేర్చుకుంటాడు. ఆడేవారు ఏ బటన్ నొక్కినా ప్రయోజనం ఉండదు. ఎనిమిదేళ్ల తర్వాత కన్నబిడ్డలే వెతుక్కుంటూ వచ్చి తండ్రిని శాపం నుంచి విడిపిస్తారు. కథలోని దైవఖడ్గాన్ని పట్టగల వీరుడు తన కొడుకేనని కథానాయకుడికి తెలిసేది అప్పుడే.

కథ చివరి భాగంలో అతను చిత్రపటం ద్వారా సాంటా రోజ్‌లోని తన బాల్యంలోకి వెళ్లి, చిన్నప్పటి తననే పలకరిస్తాడు. ఆట మొదటి గంటల్లో ఊళ్లో ఎదురై, పిల్లవాడి దగ్గరున్న బంగారు గోళాన్ని చూడనిమ్మని అడిగిన అపరిచితుడు ఎవరో ఆడేవారికి అక్కడ అర్థమవుతుంది. జపాన్‌లో దాదాపు 28 లక్షల ప్రతులు అమ్ముడైన ఈ ఆట అధికారికంగా ఇంగ్లీషులోకి రావడానికి 2009 దాకా పట్టింది. అందువల్ల పాశ్చాత్య దేశాల్లో ఈ శాఖకు తొలి ఆదర్శంగా ఇంకో ఆట నిలిచింది.

ఆకరినా ఆఫ్ టైమ్: కత్తి తీస్తే ఏడేళ్లు

నింటెండో సంస్థ 1998 నవంబరులో నింటెండో 64 కన్సోల్ మీద విడుదల చేసిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరినా ఆఫ్ టైమ్‌కు షిగెరు మియమోటో నిర్మాత. 32 మెగాబైట్ల కార్ట్రిడ్జ్‌లో వచ్చిన ఈ ఆట ఆ కన్సోల్ మీద 76 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. నిర్మాణం మొదలైనప్పుడు ఇందులో కథానాయకుడు లింక్ పెద్దవాడిగా మాత్రమే ఉన్నాడు. పిల్లవాడి చేతి కత్తి పొట్టిది, పెద్ద శత్రువులను అందుకోలేదు కాబట్టి పెద్దవాడే మేలని రూపకర్తలు అనుకున్నారు. పని సగంలో ఉండగా చిన్నారి లింక్‌ను కూడా చూడాలన్న కోరిక మియమోటో నుంచీ బృందం నుంచీ వచ్చింది. ఇద్దరినీ ఒకే ఆటలో ఇమడ్చడానికి దొరికిన ఉపాయమే మాస్టర్ స్వోర్డ్ అనే ఖడ్గం.

కోకిరి అడవిలో పెరిగిన పిల్లవాడు లింక్ మూడు రత్నాలు సంపాదించి, కాలాలయంలో పాతి ఉన్న ఆ ఖడ్గాన్ని పైకి లాగుతాడు. వీరుడు కావడానికి వయసు చాలదు కనుక ఖడ్గం అతణ్ణి ఏడేళ్లు నిద్రపుచ్చుతుంది. మేల్కొనేసరికి అతను యువకుడు. బయటికి రాగానే చూసేది ఒకప్పటి సంతబజారు. చిన్నతనంలో అక్కడ కుక్కలు మొరిగేవి, అంగళ్లు కళకళలాడేవి, ఒక జంట ఎప్పుడూ నాట్యం చేస్తూ ఉండేది. ఇప్పుడు శిథిలాల మధ్య నడిచే శవాలు తప్ప ప్రాణి లేదు. ఊరిజనం కకారికో పల్లెకు వలస పోయారు. ఆడేవారు అంతకుముందు గంటల తరబడి తిరిగిన వీధులే కాబట్టి, ఈ మార్పు కథలో చెప్పిన సమాచారంలా కాక సొంత నష్టంలా తగులుతుంది.

డ్రాగన్ క్వెస్ట్ 5లో కాలం ముందుకే సాగితే, ఇక్కడ రెండు వైపులా నడుస్తుంది. ఖడ్గాన్ని తిరిగి పీఠంలో గుచ్చితే లింక్ మళ్లీ పిల్లవాడవుతాడు. అందువల్ల రెండు వయసులూ రెండు పనిముట్లయ్యాయి. ఉండేలు, బూమరాంగ్ పిల్లవాడివి. విల్లు, సమ్మెట, గొలుసు కొక్కెం పెద్దవాడివి. పిల్లవాడు చిన్న రంధ్రాల్లోంచి దూరగలడు, పెద్దవాడు ఎత్తైన గట్లు ఎక్కగలడు. పెద్దలు వాడే హైలియన్ డాలును పిల్లవాడు మోయగలడు గానీ చేత ఎత్తి పట్టలేడు. ఆడేవారు డాలు బటన్ నొక్కితే వీపు మీది డాలు కింద తాబేలులా ముడుచుకుంటాడు. అదే డాలు ఏడేళ్ల తర్వాత అదే బటన్‌తో ఎడమచేతి కత్తికి జోడుగా కుడిచేతిలోకి వస్తుంది. వయసు తేడాను కంటికీ చేతికీ ఒకేసారి తెలియజేసిన చిన్న ఏర్పాటు ఇది.

కాలాన్ని పొలంలా సాగుచేసే అవకాశమూ ఈ ఆటలో ఉంది. ఒక గింజల వ్యాపారి మంత్రపు చిక్కుడు గింజలు అమ్ముతాడు. మొదటి గింజ ఆ లోకపు నాణెంలో పది రూపీలు, తరువాతి ప్రతి గింజకూ పదేసి పెంచుతూ పోతాడు. పిల్లవాడిగా మెత్తటి మట్టిలో గింజ నాటితే, పెద్దవాడిగా వచ్చేసరికి అది ఆకై ఎదిగి, లింక్‌ను మోసుకుంటూ గాలిలో తిరుగుతుంది. లాన్‌లాన్ పశువులశాలలో మాలాన్ అనే పిల్ల నేర్పిన పాటతో ఎపోనా అనే గుర్రప్పిల్ల మచ్చికవుతుంది. ఏడేళ్ల తర్వాత ఆ శాలను కాజేసిన పనివాడి చేతుల్లోంచి, అదే పాట సాయంతో, ఎదిగిన ఎపోనాను గెలుచుకోవచ్చు. ఇక కోకిరి పిల్లలు ఎన్నటికీ ఎదగరు. పెద్దవాడై తిరిగివచ్చిన లింక్‌ను వారు గుర్తుపట్టరు. తాను ఆ అడవి బిడ్డ కాదని లింక్‌కు తెలియడానికి అతని ఎదిగిన ఒళ్లే సాక్ష్యం.

కథాంతంలో జెల్డా యువరాణి అతణ్ణి తిరిగి బాల్యానికి పంపుతుంది. 2000లో వచ్చిన మేజొరాస్ మాస్క్ ఆ పిల్లవాడితోనే మొదలవుతుంది. పెద్దరికం రుచి చూసి మళ్లీ పసివాడైన నాయకుడు ఆటల్లో చాలా అరుదు.

ఫేబుల్ నుంచి ఫాలౌట్ 3 వరకు

2000ల తొలి ఏళ్లలో ఎదుగుదలను పైపైన వాడిన ఆటలూ ఉన్నాయి. 2003 నాటి జాక్ 2లో మొదటి భాగపు అల్లరి కుర్రవాడు రెండేళ్లు చెరలో చిత్రహింసలు అనుభవించి, కోపధారి యువకుడై బయటికొస్తాడు. మొదటి ఆటంతా నోరు విప్పని అతను రెండో ఆటలోనే మాట్లాడతాడు. అదే ఏడాది జపాన్‌లో వచ్చిన హార్వెస్ట్ మూన్: ఎ వండర్‌ఫుల్ లైఫ్‌లో ఆడేవారు రైతు. అతని కొడుకు అధ్యాయానికో ఎత్తున ఎదిగి, చిన్నప్పుడు చూపించిన వస్తువులూ పరిచయం చేసిన మనుషులూ కలిగించిన ఆసక్తిని బట్టి వృత్తి ఎంచుకుంటాడు.

ఏళ్లు దాటవేయకుండా నిదానంగా వయసు పెంచే ప్రయత్నం 2004 సెప్టెంబరులో రెండు ఆటల్లో జరిగింది. అమెరికాకు చెందిన ది సిమ్స్ 2లో పాత్రలు శిశువు, పసివాడు, బాలుడు, కౌమారుడు, పెద్ద, వృద్ధుడు అనే దశలు దాటి మరణిస్తాయి. 2000 నాటి మొదటి సిమ్స్‌లో పిల్లలు పిల్లలుగానే ఉండిపోయేవారు. రెండోది బ్రిటన్‌లో పీటర్ మోలినూ నాయకత్వంలోని లయన్‌హెడ్ సంస్థ ఎక్స్‌బాక్స్ కోసం తెచ్చిన ఫేబుల్. ఓక్‌వేల్ పల్లెలో అక్క పుట్టినరోజుకు కానుక కొనాలని చూస్తున్న చిన్న పిల్లవాడితో కథ మొదలవుతుంది. మంచిపని చేస్తే నాన్న బంగారు నాణెం ఇస్తాడు. చెడ్డపని చేసినా డబ్బు వస్తుంది. బందిపోట్లు పల్లెను తగలబెట్టాక వీరుల గిల్డ్‌లో శిక్షణ, ఆపైన లోకసంచారం. సంపాదించిన అనుభవాన్ని శక్తుల మీద ఖర్చు చేసినకొద్దీ వయసు మీదపడుతుంది. బలం పెంచుకుంటే కండలు తేలతాయి, నేర్పు పెంచుకుంటే ఎత్తు పెరుగుతుంది, మంత్రశక్తి ఒంటి మీద వెలిగే గీతలను దించి జుట్టును తెల్లబరుస్తుంది. దెబ్బలు మచ్చలై నిలుస్తాయి. చాలాకాలం వేరువేరుగా నడిచిన వయసూ లెవెలూ ఇక్కడ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

నాటిన విత్తనం కథానాయకుడి వయసుతో పాటు చెట్టవుతుందని మోలినూ ముందుగా ప్రకటించారు. విడుదలైన ఆటలో ఆ అంశం లేదు. చెప్పినవన్నీ ఆటలోకి రానందుకు ఆయన 2004లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆడేవారి కోరిక ఎటు ఉందో మాత్రం ఆ వాగ్దానానికి వచ్చిన స్పందనే చెప్పింది. తమ చేతలు కాలంలో వేళ్లూనడాన్ని చూడాలని వారు ఎదురుచూశారు.

2008 అక్టోబరులో వారం తేడాతో వచ్చిన రెండు ఆటలు ఆ కోరికను చాలావరకు తీర్చాయి. ఫేబుల్ 2లో బౌవర్‌స్టోన్ వీధుల్లో చలికి వణుకుతున్న ఇద్దరు అనాథలు, అక్క రోజ్, ఆమె తోడబుట్టిన చిన్నబిడ్డ, ఒక సంగీతపు పెట్టె కొనడానికి అయిదు బంగారు నాణేలు కూడబెడుతుంటారు. గాలికి ఎగిరిపోయిన అరెస్టు వారెంట్లను ఏరి తెచ్చి పోలీసుకు ఇవ్వవచ్చు, లేదా దొంగకు అమ్మవచ్చు. పదేళ్ల తర్వాత ఆ పేటకు తిరిగి వెళ్తే ఫలితం కనిపిస్తుంది. వారెంట్లు పోలీసుకు చేరి ఉంటే పేట బాగుపడి ఉంటుంది, దొంగకు చేరి ఉంటే నేరాలకు నెలవైన మురికివాడై ఉంటుంది. కథ మధ్యలో ఒక గోపురంలో బందీగా ఇంకో పదేళ్లు పోతాయి. అబ్బాయిగా ఆడాలో అమ్మాయిగా ఆడాలో ఎంచుకునే వీలు ఈ సిరీస్‌కు ఈ భాగంతోనే వచ్చింది.

బెథెస్డా సంస్థ చేసిన ఫాలౌట్ 3 జననంతోనే మొదలవుతుంది. తెర తెల్లగా మసకబారి ఉండగా, ముసుగు వేసుకున్న తండ్రి బిడ్డ ఆడో మగో అడుగుతాడు. అక్కడే ఆడేవారు లింగాన్నీ పేరునీ ముఖాన్నీ నిర్ణయిస్తారు. ప్రసూతిలోనే తల్లి చనిపోతుంది. ఏడాది వయసులో తప్పటడుగులు వేస్తూ, పిల్లల బొమ్మల పుస్తకం పేజీలు తిప్పుతూ బలం, తెలివి, అదృష్టం వంటి గుణాలకు అంకెలు కేటాయించాలి. పదో పుట్టినరోజుకు చేతికి పిప్‌బాయ్ యంత్రమూ, తండ్రి కానుకగా ఛర్రాల తుపాకీ దక్కుతాయి. పదహారో ఏట తరగతి గదిలో వృత్తిని తేల్చే పరీక్ష రాయాలి. పంతొమ్మిదో ఏట తండ్రి చెప్పకుండా వెళ్లిపోవడంతో, అప్పటిదాకా పెరిగిన నేలమాళిగ తలుపు దాటి కళ్లు జిగేల్మనే ఎండలోకి రావాలి. పాత్రను తయారుచేసుకునే పొడి పట్టికలనూ, ఆట నేర్పే పాఠాలనూ బాల్యంగా మలచిన నేర్పు దీనిది. నడవడం, మాట్లాడడం, గురిపెట్టడం పిల్లవాడు ఏ వయసులో నేర్చుకుంటాడో ఆడేవారూ అప్పుడే నేర్చుకుంటారు. తండ్రి గొంతు నటుడు లియామ్ నీసన్‌ది. ఆ తండ్రిని వెతకడమే తరువాతి కథ కాబట్టి, బాల్యం ఇక్కడ అలంకారం కాదు, కథకు ఇంధనం.

ఒక ఆట నుంచి ఇంకో ఆటకు

ఒకే ఆటలో ఏళ్లు దాటవేయడం బదులు, వరుస ఆటల మీదుగా ఒకే మనిషిని పెంచే పద్ధతి తరువాత బలపడింది. యూబీసాఫ్ట్ సంస్థ 2009లో తెచ్చిన అసాసిన్స్ క్రీడ్ 2 నాయకుడు ఎజియో ఆడిటోరె 1459లో ఫ్లోరెన్స్ నగరంలో పుడతాడు. పుట్టగానే చలనం లేని శిశువును తండ్రి ప్రోత్సహిస్తుంటే, ఆడేవారు ఒక్కో బటన్ నొక్కి చేతులనూ కాళ్లనూ కదిలించాలి. ఆ బటన్లే తరువాత గోడలు ఎక్కడానికీ కత్తి దూయడానికీ పనికొస్తాయి. 1476లో పదిహేడేళ్ల ఎజియో తండ్రినీ అన్నదమ్ములనూ ఉరికంబం మీద చూస్తాడు. 2010 నాటి బ్రదర్‌హుడ్‌లో నడివయసుకు చేరి, 2011 నాటి రివిలేషన్స్‌లో యాభై దాటిన మనిషిగా ఇస్తాంబుల్‌లో తిరుగుతాడు. 1524లో అతని మరణాన్ని ఎంబర్స్ అనే లఘుచిత్రం చూపింది. పొత్తిళ్ల నుంచి మరణం దాకా ఇంత నిండుగా చూపిన యాక్షన్ గేమ్ కథానాయకులు చాలా తక్కువ.

టెల్‌టేల్ సంస్థ 2012లో మొదలుపెట్టిన ది వాకింగ్ డెడ్‌లో ఎనిమిదేళ్ల క్లెమెంటైన్‌ను కాపాడే లీ పాత్రను ఆడేవారు పోషిస్తారు. ఏం మాట్లాడినా, ఏం చేసినా ఆ పిల్ల చూస్తూ ఉంటుంది. రెండో భాగంలో లీ లేడు. ఆడేవారు క్లెమెంటైన్ అవుతారు, లీ నేర్పినవాటితో బతకాలి. 2018లో మొదలైన చివరి భాగంలో యుక్తవయసుకు వచ్చిన ఆమె ఏజే అనే చిన్నవాణ్ణి పెంచుతుంది. ఈసారి పిల్లవాడు ఆమెను చూసి నేర్చుకుంటాడు. మధ్యలో టెల్‌టేల్ మూతపడినా, స్కైబౌండ్ సంస్థ ముందుకొచ్చి 2019 మార్చిలో కథను పూర్తిచేసింది. ఏడేళ్లు సాగిన ఈ సిరీస్‌ను మొదటి నుంచీ ఆడినవారు క్లెమెంటైన్‌తో పాటు తామూ వయసులో పెరిగారు. గాడ్ ఆఫ్ వార్ ఆటల్లో అట్రియస్ పాత్ర పోషించిన సన్నీ సుల్జిక్ విషయంలో ఇదే నటుడికీ జరిగింది. 2018 ఆటలో బాలుడి గొంతుతో పలికిన అతను 2022 నాటి రాగ్నరాక్‌లో మారిన గొంతుతో పలికాడు.

క్రమాన్ని తలకిందులు చేసిన ఆటా ఉంది. 2013లో క్వాంటిక్ డ్రీమ్ సంస్థ తెచ్చిన బియాండ్: టూ సోల్స్ జోడీ హోమ్స్ జీవితంలో ఎనిమిదో ఏడు నుంచి ఇరవైమూడో ఏడు వరకు జరిగిన ఘట్టాలను ముందువెనుకలుగా చూపుతుంది. 2015లో ప్లేస్టేషన్ 4 మీద తిరిగి విడుదలైనప్పుడు, అవే ఘట్టాలను వయసు వరుసలో ఆడే వీలు కల్పించారు.

రూపకర్తల ముందున్న చిక్కులు

ఒక నాయకుణ్ణి రెండు వయసుల్లో చూపడం ఖర్చుతో కూడిన పని. శరీరాకృతి, నడక, దూకడం, ఆయుధం పట్టే తీరు, గొంతు, దుస్తులు అన్నీ రెండేసి కావాలి. చుట్టూ ఉన్న ఊళ్లూ మనుషులూ మారాలి. ఏళ్లను దాటవేసే పద్ధతి ఇన్ని ఆటల్లో నిలవడానికి ప్రధాన కారణం ఇదే. పదేళ్ల బానిసత్వం, ఎనిమిదేళ్ల రాతిశాపం, ఏడేళ్ల నిద్ర, గోపురంలో పదేళ్ల చెర, ఇవన్నీ నిర్మాణపు అవసరాన్ని కథలోకి మార్చిన ఏర్పాట్లు. వీటన్నిటిలోనూ నాయకుడు తన యౌవనాన్ని ఎవరికో కోల్పోయాడు. ఈ లోటును తీర్చుకోవాలన్న పట్టుదలే అతణ్ణి ముందుకు నడుపుతుంది.

రెండో చిక్కు హింస. పసివాడి చేతికి కత్తి ఇచ్చినా, పసివాడు చనిపోవడాన్ని చూపించినా చాలా దేశాల్లో అభ్యంతరం వస్తుంది. ఫాలౌట్ 3లో పిల్లల పాత్రలను చంపడం సాధ్యం కాకుండా చేశారు. అందుకే పిల్లల దశలో సాధారణంగా కర్ర, ఉండేలు, ఛర్రాల తుపాకీ వంటివే ఇస్తారు. అసలు ఆయుధం పెద్దరికానికి గుర్తుగా మిగులుతుంది.

మూడోది ఆడపిల్లల కొరత. ఈ శాఖలో మొదటి పదిహేనేళ్ల కథానాయకుల్లో అత్యధికులు మగపిల్లలే. ప్రిన్సెస్ మేకర్‌లో ఆడపిల్ల ఎదిగినా నిర్ణయాలు ఆమెవి కావు. 2008 నుంచే, ఎంపికకు వీలిచ్చిన ఫేబుల్ 2, ఫాలౌట్ 3లతో మొదలై, క్లెమెంటైన్, జోడీలతో ఈ కొరత కొంత తీరింది.

చిన్న ఆటలూ ఇప్పటి స్థితీ

పెద్ద సంస్థల ఖర్చుకు దూరంగా, ఒక్కరే చేసిన ఆటల్లోనూ ఈ అంశం వికసించింది. అమెరికాకు చెందిన జేసన్ రోరర్ 2007లో చేసిన ప్యాసేజ్ అయిదు నిమిషాల ఆట. తెర వంద చుక్కల పొడవు, పదహారు చుక్కల ఎత్తు. ఎడమవైపు యువకుడిగా నిలబడిన బొమ్మ కాలం గడిచేకొద్దీ కుడివైపుకు జరిగి, జుట్టు నెరిసి, నడుం వంగి, చివరికి సమాధి అవుతుంది. న్యూయార్క్‌లోని మ్యూజియమ్ ఆఫ్ మోడరన్ ఆర్ట్ 2012లో తొలిసారి సేకరించిన 14 వీడియో గేమ్‌లలో ఇదొకటి. ఆల్టర్ ఈగో పద్ధతిని 2018 నాటి బిట్‌లైఫ్ మొబైల్ ఫోన్‌లోకి తెచ్చి, పుట్టుక నుంచి మరణం వరకు ఏడాదికో నొక్కుగా కోట్లమందికి చేర్చింది. 2022లో వచ్చిన ఐ వాజ్ ఎ టీనేజ్ ఎక్సోకాలనిస్ట్‌లో పదేళ్ల వయసు నుంచి ఇరవై దాకా ప్రతి నెలా ఏం చేయాలో ఎదుగుతున్న పాత్రే నిర్ణయించుకుంటుంది. ప్రిన్సెస్ మేకర్‌లో పెంచినవారి చేతిలో ఉన్న పగ్గాలు ఇందులో పెరిగేవారి చేతికి వచ్చాయి.

పాత ఆటలు కూడా కొత్త తరానికి అందుతున్నాయి. ఆకరినా ఆఫ్ టైమ్ 2011లో నింటెండో 3డీఎస్ మీద, డ్రాగన్ క్వెస్ట్ 5 2014లో మొబైల్ ఫోన్ల మీద, మొదటి ఫేబుల్ అదే 2014లో మెరుగైన రూపంలో మళ్లీ విడుదలయ్యాయి. ఈ ఆటలు మొదట వచ్చిన నాటి నుంచి యంత్రాల శక్తి ఎన్నో రెట్లు పెరిగింది, ముఖం మీద ముడతను కూడా విడిగా గీయగలిగే స్థితి వచ్చింది. అయినా ఎదుగుదలను నమ్మించే సూత్రం 1992లో ఉన్నదే. పిల్లవాడిగా తిరిగిన చోటికి ఆడేవారిని పెద్దవాడిగా తిరిగి తీసుకువెళ్లాలి, అక్కడ ఏది మారిందో ఏది మిగిలిందో వారంతట వారే గుర్తుపట్టేలా చూడాలి. ఈ సూత్రాన్ని పాటించిన ఆటలే మూడు దశాబ్దాల తర్వాత కూడా ఈ శాఖకు ప్రమాణంగా నిలిచాయి.